మన వానకూ దూర సముద్రానికీ లంకె కనిపెట్టిన గిల్బర్ట్ వాకర్

ఏటా ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ ఆ ఏడాది నైరుతి రుతుపవనాల అంచనా ప్రకటిస్తుంది. ఆ వార్తల్లో ఎల్‌నినో అనే మాట వింటూనే ఉంటారు. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో నీళ్లు వేడెక్కితే అనంతపురంలో మన శెనక్కాయ చేనుకు ఏమిటి సంబంధం అని మీకు అనుమానం రావచ్చు. ఆ సంబంధాన్ని లెక్కలతో మొదట పట్టుకున్నది గిల్బర్ట్ వాకర్ అనే శాస్త్రవేత్త. ఆయన జీవితం తెలుసుకుంటే ఈ అంచనాలను ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో కూడా తెలుస్తుంది.

కరువులు నేర్పిన అవసరం

పెద్దలు చెప్పే ధాత కరువు 1876-78 నాటిది. అప్పుడు అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. విడి జిల్లా అయింది 1882లో. వాతావరణ శాఖ 1875లోనే ఏర్పడినా, ఈ కరువు తర్వాతే వానలను ముందుగా చెప్పగలమా అనే ప్రశ్న గట్టిగా వచ్చింది. శాఖ మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచును గమనించారు. మంచు ఎక్కువ పడిన ఏడాది వానలు తగ్గుతాయని భావించి, 1886 నుంచి అంచనాలు ఇచ్చారు. ఆయన తర్వాత జాన్ ఎలియట్ వచ్చారు. 1899లో వానలు బాగుంటాయని శాఖ చెప్పింది. ఆ ఏడాదే దేశంలో ఘోరమైన కరువు వచ్చింది.

లెక్కల మనిషి రాక

వాకర్ 1868 జూన్ 14న ఇంగ్లాండులోని రోచ్‌డేల్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, 1889లో గణిత పరీక్షలో అందరికన్నా ముందు నిలిచారు. ఆ తర్వాత ఆరోగ్యం దెబ్బతిని కొన్ని శీతాకాలాలు స్విట్జర్లాండులో గడిపారు. విసిరితే తిరిగి చేతికొచ్చే బూమరాంగ్ ఎలా ఎగురుతుందో లెక్కగట్టారు. అందుకే స్నేహితులు ఆయనను బూమరాంగ్ వాకర్ అని పిలిచేవారు. వేణువు వాయించడమన్నా ఆయనకు ఇష్టం.

అప్పటికి ఆయనకు వాతావరణ శాస్త్రంలో అనుభవం లేదు. అయినా 1904 జనవరిలో ఎలియట్ స్థానంలో శాఖ బాధ్యత ఆయనకే అప్పగించారు. పాత పద్ధతులు 1899లో విఫలమయ్యాయి కాబట్టి లెక్కల్లో దిట్ట అయినవారు కావాలని ప్రభుత్వం కోరుకుంది. సిమ్లా కేంద్రంగా ఆయన ఇరవై ఏళ్లు పనిచేశారు.

1913లో పని మీద మద్రాసు వచ్చినప్పుడు, పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న శ్రీనివాస రామానుజన్ లెక్కలను ఆయనకు చూపించారు. వాకర్ వెంటనే మద్రాసు విశ్వవిద్యాలయానికి సిఫారసు లేఖ రాశారు. దాంతో రామానుజన్‌కు నెలకు 75 రూపాయల ఉపకారవేతనం వచ్చింది.

ప్రపంచమంతా కలిపి చూసిన లెక్క

వాకర్ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. ఫలానా కార్తెలో గాలి ఎటు వీచితే వాన ఎలా ఉంటుందో మన పెద్దలు గమనించి చెప్పేవారు. వాకర్ ఆ పనినే ప్రపంచమంతటి రికార్డులతో చేశారు. అనేక దేశాల నుంచి ఏళ్ల తరబడి నమోదైన గాలి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం అంకెలు తెప్పించారు. ఒక చోట అంకె పెరిగినప్పుడు ఇంకో చోట పెరిగిందా, తగ్గిందా అని జతలు జతలుగా పోల్చారు. కంప్యూటర్లు లేని రోజులవి. భారతీయ గుమాస్తాలు కాగితం మీద చేత్తోనే ఈ లెక్కలన్నీ చేశారు. వారి శ్రమ లేకపోతే ఈ ఫలితం లేదు.

ఆ లెక్కల్లో ఒక విషయం తేలింది. పసిఫిక్ సముద్రం మీద గాలి పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోంది. తక్కెడలో ఒక సిబ్బె లేస్తే రెండోది దిగినట్టు. 1924 నాటికి దీనికి ఆయన సదరన్ ఆసిలేషన్, అంటే దక్షిణ డోలనం అని పేరు పెట్టారు. ఇప్పుడు దీన్ని తాహితి దీవిలోనూ, ఆస్ట్రేలియాలోని డార్విన్‌లోనూ నమోదయ్యే పీడనాల తేడాతో కొలుస్తారు.

అదే ఏడాది ఆయన పదవీ విరమణ చేసి, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో 1934 వరకు ఆచార్యులుగా ఉన్నారు. 1958 నవంబర్ 4న, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయనకు అందని సగం

ఈ తక్కెడ ఎందుకు ఊగుతుందో వాకర్ చెప్పలేకపోయారు. అందువల్ల చాలామంది నమ్మలేదు. ఆయన పోయాక, 1960ల్లో జాకబ్ బ్యర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త దానిని సముద్రపు వేడితో కలిపి చూపారు.

మామూలు ఏడాదిలో పసిఫిక్ మీద గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తూ, వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. అక్కడ గాలి పైకి లేచి మేఘాలు కడతాయి. ఎల్‌నినో ఏడాదిలో ఆ గాలులు బలహీనపడతాయి. వెచ్చని నీరు పెరూ తీరం వైపు జరుగుతుంది. మేఘాలు కట్టే చోటు కూడా దానితో పాటే జరుగుతుంది. మన వైపు గాలి కిందికి దిగి, వానలు తగ్గే అవకాశం పెరుగుతుంది. పసిఫిక్ మీద ఈ గాలి చక్రానికి బ్యర్క్‌నెస్ 1969లో వాకర్ పేరే పెట్టారు.

అంచనా అంటే హామీ కాదు

వాకర్ తన అంచనాలను గొప్పగా చెప్పుకోలేదు. కచ్చితంగా చెప్పడం కాదు, లీలగా సూచించడమే అనే అర్థమున్న మాటనే ఆయన వాడేవారు. దేశమంతటికీ ఒకే అంచనా సరిపోదని గ్రహించి, దక్షిణ భారతానికి, వాయవ్య భారతానికి విడివిడిగా లెక్కలు కట్టారు.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో తర్వాతి ఏళ్లు చూపించాయి. 1997లో చాలా బలమైన ఎల్‌నినో వచ్చినా దేశంలో వానలు సాధారణంగానే పడ్డాయి. 2002లో ఒక మోస్తరు ఎల్‌నినోకే దేశవ్యాప్తంగా సుమారు 19 శాతం లోటు వచ్చింది. 1997లో హిందూ మహాసముద్రం పడమటి భాగం వెచ్చగా, ఇండోనేషియా వైపు చల్లగా ఉండటం మన వానలకు తోడ్పడింది. అంటే రెండు సముద్రాలనూ చూడాలి. పైగా వేసవి నెలల్లో పసిఫిక్ ఎటు మొగ్గుతుందో చెప్పడం కష్టం. జూన్ దాటాకే స్పష్టత వస్తుంది.

మీరు ఏం చేయవచ్చు

మన జిల్లా పడమటి కనుమల వాన నీడలో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే దిక్కు. దేశంలో సాధారణ వర్షపాతం అన్నంత మాత్రాన మీ మండలంలో పడుతుందని కాదు. కాబట్టి అంచనా విని మొత్తం పెట్టుబడి ఒకేసారి పెట్టకండి. పూర్తిగా వదిలేయకండి కూడా.

• ఏప్రిల్ అంచనాతోనే నిర్ణయం తీసుకోవద్దు. మే చివర సవరించిన అంచనా వస్తుంది. దానిని కూడా చూడండి.

• ఎల్‌నినో సూచన ఉంటే పొలమంతా ఒక్క వేరుశనగే వేయకండి. ఏడు లేదా పదకొండు సాళ్లకు ఒక సాలు కంది వేయండి. కొంత భాగంలో కొర్ర, సజ్జ, జొన్న వేసుకోండి.

• తొలి జల్లుకే విత్తనం వేయకండి. నేల బాగా తడిసి పదును కుదిరాకే విత్తండి. మొలిచాక బెట్ట వస్తే విత్తనంతో పాటు అప్పు కూడా మీ మీదే పడుతుంది.

• జులై దాటినా అదును రాకపోతే వేరుశనగ మానేసి ఉలవ, అలసంద, కొర్ర వంటి పంటలకు మళ్లండి.

• ఎల్‌నినో ఏడాదుల్లో దక్షిణాదిన అక్టోబర్-డిసెంబర్ వానలు పెరిగే మొగ్గు ఉంది. నీటికుంట ఉంటే పూడిక తీసి సిద్ధంగా ఉంచండి.

• పంటల బీమా గడువు దాటకముందే ప్రీమియం, నమోదు సంగతి చూసుకోండి.

నెలల ముందు వచ్చే అంచనా పంట ఎంపికకు మాత్రమే పనికొస్తుంది. విత్తే రోజు, మందు కొట్టే రోజు తేల్చుకోవడానికి మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహాలను, మేఘదూత్ యాప్‌ను చూడండి. అనుమానం ఉంటే రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానాన్ని గానీ, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ, మీ ఊరి రైతు సేవా కేంద్రాన్ని గానీ సంప్రదించండి.