అల్‌బిరూని: ఫలమును నమ్మని జ్యోతిష్కుడు

గజనీ మహమ్మదు దండయాత్రల కథ మన పిల్లలు పాఠశాలలోనే చదువుదురు. ఆ సుల్తాను కొలువులోనే, ఇంచుమించు బందీవలె నుండి, సంస్కృతము నేర్చి, భారతదేశపు శాస్త్రములను ఓపికతో పరిశీలించిన పండితుడొకడుండెను. ఆతడే అబూ రైహాన్ అల్‌బిరూని. ఆతనిని గొప్ప జ్యోతిష్కుడని మధ్యయుగ లోకము కొనియాడెను. కాని ఆ ఫలములయందు ఆతనికి గల నమ్మకము అత్యల్పము.

ఆతడు 973వ సంవత్సరమున ఖ్వారజం దేశములో, కాత్ నగర ప్రాంతమున జన్మించెను. అది నేటి ఉజ్బెకిస్తానులోనిది. రాజవంశీయుడగు అబూ నస్ర్ మన్సూర్ ఆతనికి గణితము నేర్పిన గురువు. 995లో ఆ వంశము కూలిపోగా బిరూనియు తలదాచుకొనవలసివచ్చెను. 997లో నొక చంద్రగ్రహణమును తాను కాత్‌లోను, అబుల్ వఫా యను పండితుడు బాగ్దాదులోను చూచి, కాలభేదమునుబట్టి ఆ నగరముల రేఖాంశభేదమును గణించిరి. గ్రహణము ఎవరికి కీడు తెచ్చునోయని జనులు వెఱచు కాలమున, వీరిరువురు దానిని కొలబద్దగా వాడుకొనిరి.

1017లో మహమ్మదు ఖ్వారజమును జయించి, అచటి విద్వాంసులతోపాటు బిరూనిని గజనీకి తరలించెను.

అక్కడ జరిగినదని, ఒక శతాబ్దము తరువాత పారసీక రచయిత నిజామీ అరూజీ ఒక కథ చెప్పెను. నాలుగు ద్వారముల మేడలో కూర్చున్న సుల్తాను, తాను ఏ ద్వారమున వెలుపలికి పోవుదునో చెప్పుమని బిరూని నడిగెను. ఆతడు లెక్కకట్టి, కాగితముపై వ్రాసి పఱుపు క్రింద నుంచెను. సుల్తాను తూర్పుగోడను త్రవ్వించి, ఆ కంతగుండ వెలుపలికి వచ్చెను. కాగితమున సరిగా అదే యున్నది! సుల్తాను మండిపడి ఆతనిని మేడపైనుండి త్రోయించెను. క్రింద కట్టియున్న వలవంటి దానిపై పడి ఆతడు బ్రతికెను. ఆ దినమున తాను పడి క్షేమముగా లేచునట్లు కూడ ఆతడు ముందే వ్రాసికొనియుండెనట. దానితో కోపము రెట్టించి, సుల్తాను ఆతనిని ఆరు మాసములు కోటలో బంధించెను. తుదకు మంత్రి నోరు విప్పగా, రాజులు పసిపిల్లలవంటివారనియు, రెండింటిలో నొకటియైనను తప్పియున్నచో బిరూనికే మేలై యుండెడిదనియు సుల్తాను సెలవిచ్చెనట.

ఇది కథయే. అయినను రాజాశ్రయమున జ్యోతిష్కుని బ్రతుకెట్టిదో ఇందు కనబడుచున్నది. జోస్యము తప్పినను ముప్పే, తప్పకున్నను ముప్పే.

1029 ప్రాంతమున బిరూని, ఖ్వారజమునకు చెందిన రైహానా యను స్త్రీ కొఱకు జ్యోతిషమును బోధించు గ్రంథమును ప్రశ్నోత్తర రూపమున రచించెను. అందు ముందుగా రేఖాగణితము, అంకగణితము, ఖగోళము వచ్చును, ఫలభాగము కడపటిది. ఆ భాగము నారంభించుచు, జనులు దీనినే గణితమునకు ఫలమని తలంతురు గనుక చెప్పుచున్నాననియు, తన నమ్మకము మాత్రము కడుకొంచెమనియు దాచక వ్రాసెను. విద్యార్థిని చేతికిచ్చు పుస్తకమున నట్లు వ్రాయుటకు ధైర్యము కావలెను.

1030 ప్రాంతమున ముగించిన భారతదేశ గ్రంథమున 80 అధ్యాయములు కలవు. అందు బ్రహ్మగుప్తునిపై ఆతడు చేసిన విమర్శ చదువదగినది. గ్రహణమునకు ఛాయయే కారణమని బ్రహ్మగుప్తుడెఱుగును. గణితమంతయు ఛాయతోనే చేసెను. అయినను ముందుగా రాహువును సమర్థించి, కాదన్నవారిని నిందించెను. బిరూని దీనిని తీవ్రముగా ఆక్షేపించి, వెంటనే మెత్తబడి, సోక్రటీసుకు పట్టిన గతి తనకును పట్టునను భయమే ఆతనిచే అట్లనిపించియుండునని ఊహించెను. పరుల భయము నంత త్వరగా గుర్తించినవాడు, ఆ భయమును తానును ఎఱిగినవాడేయని మాకు తోచుచున్నది.

ఆ గ్రంథముననే రసవాదమును, మంత్రతంత్రములను గూర్చి యొక అధ్యాయము కలదు. మంత్రబలముచే జింకలను చేతితో పట్టుదురని జనులు చెప్పుకొనిరి. ఒకే రాగమును నిత్యము వినిపించి మృగమును మెల్లగా మచ్చిక చేయుటయే తప్ప అందు మంత్రమేమియు లేదని బిరూని తేల్చెను. పాముకాటు మంత్రముల విషయమున మాత్రము తొందరపడలేదు. వానిని తాను నమ్మననుచునే, మంత్రము విని కోలుకొంటినని తనతో చెప్పిన యొకని మాటనుగూడ గ్రంథస్థము చేసెను.

మహమ్మదు అనంతరము సింహాసన మెక్కిన మసూదు పేర ఆతడు గొప్ప ఖగోళగ్రంథము నంకితము చేసెను. ప్రతిఫలముగా ఏనుగుపై మోయించి పంపిన వెండిని త్రిప్పిపంపెనని చెప్పుదురు. 1048 ప్రాంతమున గజనీలోనే కన్నుమూసెను.