ఓటు కంటే ముందు పేరు

హైదర్‌గూడలో మా హాస్టల్‌కి నడిచి వెళ్ళేంత దూరంలోనే పాత ఎమ్మెల్యే క్వార్టర్స్ ఉన్నాయి. జనం ఓట్లతో గెలిచినవాళ్ళ కోసం కట్టినవి. నేను మాత్రం అందరికీ ఓటు వచ్చే రోజును చూడకుండానే పోయిన ఒక హైదరాబాదీ గురించి రాస్తున్నాను. ఆయన భాగ్యరెడ్డి వర్మ. పేరు చాలామందికి తెలుసు. ఆయన పనికీ, మన ఓటుకీ ఉన్న సంబంధం గురించి మాత్రం మా క్లాసులో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

1888 మే 22న ఇదే నగరంలో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. చిన్నప్పుడే ఇల్లు వదిలి, డోస్ శాంటోస్ అనే గోవా బారిస్టర్ ఇంట్లో పనికి చేరారు. చదువూ, లోకజ్ఞానం అక్కడే అబ్బాయి. కుటుంబ గురువు మాటమీద భాగయ్య భాగ్యరెడ్డి అయ్యారు. రెడ్డి అంటే రేడు, ఏలినవాడు అని ఆ గురువు చెప్పిన అర్థం. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం వాళ్ళు ఇచ్చిన బిరుదు.

1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టారు. ఇసామియా బజార్, లింగంపల్లిలో దళిత పిల్లలకి బడులు తెరిచారు. ఒకటీ రెండుతో మొదలైనవి తర్వాత 26 దాకా అయ్యాయి. చదువు చెప్పింది తెలుగులో! సర్కారు భాష ఉర్దూగా ఉన్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. జోగిని ఆచారం మీద, తాగుడు మీద కూడా పోరాడారు.

1917లో బెజవాడలో పంచమ మహాజన సభకి ఆయనే అధ్యక్షులు. పంచములు అంటే నాలుగు వర్ణాల అవతల ఉన్న ఐదోవాళ్ళు అని. ఆ మాటే మాకొద్దు, మేం ఈ నేలకి మొదటివాళ్ళం అని తేల్చి, సభ పేరునే ఆది ఆంధ్రగా మార్చేశారు. హైదరాబాద్ రాజ్యంలో ఆది హిందూ అన్నారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆ పేరే రాసింది.

పేరు మారితే కడుపు నిండుతుందా అని మీరు అడగొచ్చు. నేనూ అదే ఆలోచించాను. కానీ లెక్కలో ఎలా రాస్తారో, అలాగే చూస్తారు. ఎంతమంది ఉన్నారో తేలితేనే మా వాటా ఏది అని అడగడానికి వీలవుతుంది. 1930లో లక్నోలో జరిగిన ఆది హిందూ సభలో, రౌండ్ టేబుల్ సమావేశానికి మా తరఫున అంబేద్కర్ వెళ్ళాలని ఆయన బలపరిచింది అందుకే. అప్పటికి బ్రిటిష్ జిల్లాల్లో పన్ను కట్టేవాళ్ళకీ, ఆస్తిపరులకే ఓటు. కూలివాడికి అదీ లేదు.

1939 ఫిబ్రవరి 18న వర్మగారు కన్నుమూశారు. పన్నెండేళ్ళు దాటాక, 1951-52 ఎన్నికల్లో ఆస్తి, కులం, చదువు అడగకుండా 21 ఏళ్ళు నిండిన అందరికీ ఓటు వచ్చింది. అప్పుడూ పేరు దగ్గరే చిక్కు! ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్ళు ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అనే తప్ప సొంత పేరు చెప్పలేదు. దాదాపు 28 లక్షల మంది జాబితాలోంచి పోయారు.

ఇప్పుడు మన సంగతి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్ నియోజకవర్గంలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. హాస్టల్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడే ఓటరుగా చేరొచ్చన్న సంగతి మనలో చాలామందికి తెలీదు. ఇల్లు మారిన కూలీలు, బస్తీల్లో అద్దెకుండేవాళ్ళు జాబితాలో ఉన్నారో లేదో చూసిపెట్టేవాళ్ళు తక్కువ. మెస్‌లో వండే అక్కకి, వాచ్‌మన్ అంకుల్‌కి ఫోన్‌లో జాబితా వెతికిపెట్టడానికి మనకి పట్టేది ఐదు నిమిషాలు. పేరు లేకపోతే ఫారం 6 నింపిద్దాం. ఒక మనిషి పేరు సరిగ్గా నమోదు కావడం కోసం భాగ్యరెడ్డి వర్మ తన జీవితంలో సగం ఖర్చుపెట్టారు.