మూలఘటిక కేతన: తెలుగున ధర్మశాస్త్రావతరణము, యంత్రమేధా విచారము

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని ఘనపురమున కోటగుళ్లని ప్రసిద్ధి నొందిన ఆలయసముదాయము కలదు. మట్టికోట నడుమ గణపేశ్వరాలయమును, దాని పరిసరములందు పెక్కు ఉపాలయములును కాకతీయ శిల్పమునకు నిదర్శనములుగా నిలిచియున్నవి. ఆలయనామము గణపతిదేవ చక్రవర్తిని స్మరింపజేయును. 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలిన ఆ ప్రభువు కీర్తి రాతికట్టడములందే కాక ధర్మపాలనమునందును నిలిచినది. 1244లో వెలువడిన మోటుపల్లి అభయశాసనము ఇందుకు సాక్ష్యము. పూర్వరాజులు తుఫానులో చిక్కి తీరము చేరిన ఓడల సరకును బలాత్కారముగా హరించుచుండగా, గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నియతమైన సుంకము తప్ప మఱేమియు గొనబోనని వర్తకుల కభయ మొసగెను. పాలకుడు తన చేతిని తానే నియమముతో కట్టుకొనుట ధర్మశాస్త్రచరిత్రలో గణనీయమైన విషయము.

ఆ శతాబ్దముననే నెల్లూరి సీమలో ఒక కవి ధర్మశాస్త్రమును తెలుగుపద్యములలో నిబంధించెను. అతడు మూలఘటిక కేతన. నియమమును భాషకును, వ్యవహారమునకును గూర్చిన తొలి తెలుగు పండితుడతడే. నేడు న్యాయనిర్ణయమునందు కృత్రిమమేధకు చోటెంత యను ప్రశ్న లోకమంతటను చర్చింపబడుచున్నది. నియమమనగా నేమి, దానిని ప్రయోగించువా డెవడు, ప్రయోగమున దోషము కలిగినచో బాధ్యు డెవడు అను మూడు సంశయములే ఆ ప్రశ్నకు మూలములు. ఈ సంశయములతో పరిశీలించినచో కేతన జీవితము నూతనార్థమును స్ఫురింపజేయును.

కేతన తిక్కన సోమయాజికి సమకాలికుడు. వెంటిరాల యాతని గ్రామము. నెల్లూరి ప్రభువైన మనుమసిద్ధి కొలువున మంత్రిగాను, కవిగాను ప్రకాశించిన తిక్కన యాశ్రయము కేతనకు లభించినది. దండి రచించిన సంస్కృత గద్యకావ్యమును దశకుమారచరిత్రముగా తెనిగించి, దానిని తిక్కనకే యంకితము చేసెను. రాజులకు గాక ఒక కవికి కృతి నంకితము చేయుట తెలుగున నూతనమార్గము. తిక్కన వంశమును, అతని పితామహుడైన మంత్రి భాస్కరుని, తండ్రి కొమ్మనను గూర్చి నేడు తెలియు విషయములలో పెక్కు ఈ గ్రంథావతారిక వలననే తెలియుచున్నవి. ఈ రచనతో కేతనకు అభినవదండి యను ప్రశస్తి కలిగెను. తిక్కన ఓరుగల్లునకు వెడలి, గణపతిదేవుని సాహాయ్యమున మనుమసిద్ధిని రాజ్యమునందు పునఃప్రతిష్ఠింపజేసెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పును. కావున కేతన పెరిగిన వాతావరణమునందు కవిత్వమును, రాజనీతియు, వ్యవహారవిచారమును పరస్పరము విడివడి యుండలేదు.

కేతన రెండవ కృతి ఆంధ్రభాషాభూషణము. తెలుగునకు తెలుగుననే లక్షణము చెప్పిన తొలి గ్రంథమిది. రెండువందలకు లోపడిన పద్యములలో ముగియును. సంస్కృత ప్రాకృతములకు లక్షణములు రచించిన పూర్వులు తెలుగునకు రచింపకుండుట వారి యసామర్థ్యము వలన గాదనియు, తన్ను ధన్యుని చేయుటకే వారు దానిని విడిచిరనియు కేతన వినయముతో చెప్పుకొనెను. ఈ వినయమున గంభీరమైన యంశము కలదు. భాష ముందు, లక్షణము వెనుక. జనులు పలుకుచుండిన భాషను చూచి లాక్షణికుడు సూత్రము చేయును గాని, సూత్రము చూచి జనులు పలుకరు. లక్ష్యమును విడిచిన లక్షణము నిరాధారము. లక్షణము లేని లక్ష్యము సందేహములతో నిండియుండును.

మూడవ కృతియైన విజ్ఞానేశ్వరీయమునందు ఇదే సంబంధము ధర్మమునకు సంక్రమించినది. కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. పేరునకు మితాక్షరయే గాని, అందు పూర్వపక్షసిద్ధాంతములు విస్తారముగా గలవు. ఆచార వ్యవహార ప్రాయశ్చిత్త విభాగములుగల ఆ మహాగ్రంథమును కేతన పద్యములలో సంగ్రహించెను. తెలుగున తొలి ధర్మశాస్త్రగ్రంథముగా ఇది పరిగణింపబడుచున్నది. సంస్కృతము తెలియని గ్రామపెద్దకును, కరణమునకును, మంత్రికిని వాదము నెట్లు వినవలెనో తెలుపగల గ్రంథము దీనితో దేశభాషయందు వెలసినది.

వ్యవహారమునకు నాలుగు పాదములని స్మృతికారుల నిర్ణయము: వాది చేయు భాష, ప్రతివాది చెప్పు నుత్తరము, ప్రమాణము చూపు క్రియ, కడపటి సాధ్యసిద్ధి. ఉత్తరము మరల నాలుగు విధములు: అంగీకరించుట, నిరాకరించుట, అంగీకరించియు వేఱు కారణము చూపుట, ఇదివఱకే తీర్పు జరిగినదనుట. ప్రమాణములు లేఖ్యము, భుక్తి, సాక్షులు అని మూడు. ఇవి లేనిచోట దివ్యము. ఈ విభాగము లెంత స్పష్టములనగా, నేటి గణకయంత్రమునకు క్రమవిధిగా బోధింపదగినట్లుండును. ఇది కేవలము పోలిక గాదు. 1986లో ఇంగ్లండునందలి పరిశోధకులు బ్రిటిషు జాతీయతా చట్టమును తర్కవాక్యములుగా మార్చి యంత్రమున నిక్షేపించిరి. 2015లో వియన్నా పండితులు మీమాంసకుల విధినిషేధ న్యాయములను ఆధునిక తర్కసంకేతములలో నిబంధించి, శ్యేనయాగ విషయమైన ప్రాచీనవివాదమును పరిశీలించిరి. శాస్త్రము నియమరూపమైనంత మేరకు యంత్రమునకు వశమగుననుట నిర్వివాదము.

అయితే కేతన కాలముననే, అతని యాశ్రయదాత యింటనే, నియమము మాత్రము చాలదని చూపు ఘోరోదంత మొకటి జరిగినది. కాటమరాజు కథాచక్రము చెప్పు వృత్తాంతము ప్రకారము, యాదవులు నెల్లూరి సీమ బీళ్లలో పసుల మేపుకొనుటకు కోడెదూడలను పుల్లరిగా నిచ్చునట్లు ఒడంబడిక జరిగెను. అనావృష్టిచే గడ్డి లేకపోయినది. మేత లేనిచోట పుల్లరి యేల యని కాటమరాజు వాదము; ఒడంబడిక ప్రకారము చెల్లింపవలసినదే యని రాజపక్షము వాదము. వివాదము యుద్ధముగా మాఱి, తిక్కన సోమయాజి జ్ఞాతియైన ఖడ్గతిక్కన అందు హతుడయ్యెను. ఒడంబడిక యక్షరములు రెండు పక్షములకును సమానముగా తెలియును. ఆ యక్షరముల వెనుకనున్న ప్రయోజనమును విచారించు సభ మాత్రము కూడలేదు. విజ్ఞానేశ్వరీయము ఈ యుద్ధమునకు ముందో వెనుకో యను కాలనిర్ణయము లేకయే, అట్టి గ్రంథమున కాదేశమున నెంత యావశ్యకత కలదో ఈ కథ చాటుచున్నది.

స్మృతికారు లీ ప్రమాదమును ముందే గుర్తించిరి. కేవలశాస్త్రము నాశ్రయించి నిర్ణయము చేయరాదనియు, యుక్తిహీనమైన విచారము వలన ధర్మహాని కలుగుననియు బృహస్పతి మతము. నారదుడు మాండవ్యోదాహరణము నిచ్చెను. దొంగలు తాము హరించిన సొమ్మును మాండవ్యుని యాశ్రమమున దాచిరి. ఋషి మౌనవ్రతమున నుండి బదులు పలుకలేదు. సొమ్ము దొరికినచోటివాడు దొంగ యను నియమమునకు లోపము లేదు. నిర్ణయము మాత్రము అధర్మమైనది. ఋషి శూలారోపితుడయ్యెను.

నేటి యంత్రమేధ పూర్వపు సూత్రయంత్రముల కంటె భిన్నమైనది. అది నియమములను మనుష్యుల చేత చెప్పించుకొనదు; వేలకొలది పూర్వనిర్ణయములను చూచి వాని పోలికలను తానే గ్రహించును. శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, మొదటి తరము యంత్రమునకు లక్షణమే కలదు, లక్ష్యము లేదు. రెండవ తరమునకు లక్ష్యమే కలదు, తాను వివరింపగల లక్షణము లేదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున దోషి మరల నేరము చేయునా యని అంచనా వేయు నొక యంత్రవిధి శిక్షానిర్ణయమున నుపయోగింపబడెను. ఆ విధి లోపలి లెక్క రహస్యముగా నుంచబడినది. దానిని ప్రశ్నింపగా, 2016లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఉపయోగమును పూర్తిగా నిషేధింపలేదు గాని, యంత్రము చెప్పిన సంఖ్యయే శిక్షకు నిర్ణాయకము కారాదని హెచ్చరించెను. మాండవ్యుడు మౌనముతో కారణము చెప్పలేదు. ఇచ్చట యంత్రవిధియే కారణమును దాచినది.

కారణ మేల యావశ్యకమో మితాక్షర దాయవిభాగ ప్రకరణమే బోధించును. జ్యేష్ఠునకు అధికభాగ మీయవలెనను వచనములు స్మృతులందు కలవు. విజ్ఞానేశ్వరుడు వానిని దాచలేదు. శాస్త్రదృష్టమైనను లోకవిద్విష్టమగుటచే విషమవిభాగ మాచరింపరాదని నిర్ణయించెను. వచనములను మాత్రము పోగుచేసిన యంత్రము ఈ నిర్ణయమునకు రాజాలదు. అట్లే స్వత్వము లౌకికమనియు, పుత్రునకు పితామహద్రవ్యమున జన్మచేతనే స్వత్వము కలుగుననియు ఆతడు యుక్తిపూర్వకముగా స్థాపించెను. వంగదేశపు జీమూతవాహనుడు జన్మస్వత్వము నంగీకరింపక దాయభాగమార్గమును వేఱుగా నడిపెను. ఒకే స్మృతివాఙ్మయము నుండి రెండు మతములు వెలసినవన్నచో, నిర్ణయమున యుక్తి యెంత ప్రధానమో తెలియును.

ఆ యుక్తి శతాబ్దముల తరువాతను ఫలించినది. 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, నాటికి వివాహితలు గాని పుత్రికలకును జన్మచేతనే సమష్టికుటుంబాస్తిలో భాగము కల్పించెను. 2005లో పార్లమెంటు చేసిన సవరణ దానిని దేశమునకు విస్తరింపజేసెను. మితాక్షర ఫలితమును, అనగా పుత్రులకే భాగమనుటను, మాత్రము నేర్చిన యంత్రము వేయి సంవత్సరములైనను పుత్రులకే పంచును. జన్మయే స్వత్వహేతువను యుక్తిని గ్రహించినవాడు, పుత్రికకును జన్మ కలదు గదా యని ప్రశ్నింపగలడు. ఫలితము కాలబద్ధము, హేతువు కాలమును దాటగలదు.

ఇచ్చట కేతన పరిశ్రమలోని బలమును, పరిమితియు గోచరించును. మితాక్షరలోని దీర్ఘవాదములను పద్యసంగ్రహమున యథాతథముగా నిలుపుట యసాధ్యము. సిద్ధాంతము నిలుచును, పూర్వపక్షము జాఱిపోవును. సామాన్యులకు న్యాయము తెలియవలెనన్న సంగ్రహము తప్పదు. సంగ్రహించినచో హేతువునకు కొఱత తప్పదు. ఈ ధర్మసంకటము నేటికిని తీరలేదు. 2019లో భారత సర్వోన్నత న్యాయస్థానము సువాస్ అను యంత్రానువాద సాధనమును ప్రవేశపెట్టి, తీర్పులను తెలుగుతో గూడ దేశభాషలలోనికి తెచ్చుటకు పూనుకొనెను. యంత్రము చేసిన యనువాదమును మనుష్యులు పరిశీలింతురు. ప్రమాణము మాత్రము ఆంగ్లమూలమే. కేతన యేకాకిగా నారంభించిన కార్యము నేడు యంత్రసహాయమున సాగుచున్నదనుట సంతోషకరము. అనువాదమున యంత్రము సేవకుడుగా నుండవచ్చును. నిర్ణయమున నుండవచ్చునా యనునది వేఱు ప్రశ్న. 2025 జూలైలో కేరళ ఉన్నత న్యాయస్థానము జిల్లా న్యాయస్థానములకు విధించిన నియమావళి ఈ భేదమునే పాటించి, తీర్పు నిర్ణయించుటకు కృత్రిమమేధ నుపయోగింపరాదని శాసించెను.

ఈ భేదమునకు యాజ్ఞవల్క్యుడు చూపిన మూలము సర్వోత్తమమైనది. రాగముచేతగాని, లోభముచేతగాని, భయముచేతగాని స్మృతివిరుద్ధముగా నిర్ణయించిన సభ్యులలో ప్రతియొక్కనికిని వివాదదండమునకు రెట్టింపు దండము విధింపవలెనని ఆతని శాసనము. రాగలోభభయములు లేనిది గనుక యంత్రమే ఉత్తమసభ్యుడని కొందఱు వాదింపవచ్చును. అది విచారింపదగిన పూర్వపక్షమే. కాని యంత్రము నేర్చిన పూర్వనిర్ణయములందు ఆ రాగలోభభయములు ఇదివఱకే చేరియుండును. అదియుగాక దండింపదగినవానికే నిర్ణయాధికారము చెల్లునని స్మృతి హృదయము. దండమునకు పాత్రము గాని దానికి సభ్యపీఠము చెల్లదు. కావున యంత్రమును వాడిన మనుష్యుడు తీర్పు క్రింద తన పేరు వ్రాసి, హేతువును చెప్పి, దోషమునకు బాధ్యుడు గావలెను.

కేతన తన కృతులందు తన పేరు నిలిపెను. లక్షణము చెప్పుచు, పూర్వులు విడిచిన పనిని తాను చేపట్టితినని చెప్పుకొనెను. ధర్మము చెప్పుచు, విజ్ఞానేశ్వరుని పేరనే గ్రంథమునకు నామకరణము చేసి మూలఋణమును ప్రకటించెను. చెప్పినవా డెవడో, దేనినుండి చెప్పెనో పఠితకు తెలియును. తప్పు తోచినచో మూలము తెఱచి చూడగలడు. ప్రాచ్యకళాశాలలందు కేతన పేరు సాహిత్యచరిత్రలో ఒక పుటతో ముగియుచుండును. వ్యాకరణము, ధర్మశాస్త్రము, మీమాంస అను మూడు శాస్త్రముల సంగమమున నాతని కృతులను మితాక్షరతో సరిపోల్చి, సంగ్రహమున జాఱిన యుక్తు లెవ్వియో, నిలిచిన వెవ్వియో నిర్ణయించు పరిశోధన జరుగవలసియున్నది. యంత్రమునకు ధర్మము నేర్పబూనిన ఈ కాలమున ఆ పని పురాతత్త్వకుతూహలము మాత్రము గాదు. సంగ్రహించునపుడు ఏది జాఱునో తెలిసినవారే, యంత్రమునకు దేని నప్పగింపవచ్చునో చెప్పగలరు.