క్లిఫర్డ్ బీర్స్

క్లిఫర్డ్ విట్టింగ్‌హామ్ బీర్స్ (మార్చి 30, 1876 - జూలై 9, 1943) అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మానసిక ఆరోగ్య ఉద్యమానికి ఆద్యుడు. యౌవనంలో తానే మానసిక వ్యాధికి గురై, సుమారు మూడేళ్ళు ఆసుపత్రులలో గడిపి, కోలుకొన్న పిమ్మట తన అనుభవాలను గ్రంథస్థం చేశాడు. మానసిక రోగులకు ఆసుపత్రి గోడల వెలుపల, తమ ఊరిలోనే, తమవారి నడుమనే సహాయం అందాలన్న ఆలోచనకు సంస్థాగత రూపమిచ్చినవారిలో ఇతడు ముఖ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

బీర్స్ కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ నగరంలో రాబర్ట్, ఐడా దంపతులకు జన్మించాడు. 1894లో ఇతడి అన్నకు మూర్ఛవ్యాధి మొదలయింది. అదే వ్యాధి తనకూ వస్తుందన్న భయం బీర్స్‌ను వెన్నాడింది. ఆ భయంతోనే చదువు కొనసాగించి, 1897లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షెఫీల్డ్ సైంటిఫిక్ స్కూలు నుండి పట్టభద్రుడై, తరువాత న్యూయార్కులో ఉద్యోగం చేశాడు.

అనారోగ్యం

1900 జూన్‌లో, 24 ఏళ్ళ వయసులో, బీర్స్ ఆత్మహత్యకు ప్రయత్నించి తీవ్రగాయాలతో బయటపడ్డాడు. అటుపై పోలీసులు తనను వెంటాడుతున్నారని, బంధువుల రూపంలో వచ్చేవారు మారువేషంలోని డిటెక్టివులని భ్రమపడ్డాడు. దాదాపు రెండేళ్ళు మాట్లాడడమే మానివేశాడు. 1902 ఆగస్టులో, తనను చూడవచ్చే సోదరుడు జార్జి నిజమైనవాడో కాదో తేల్చుకొనడానికి అతడి చిరునామాకు రహస్యంగా ఒక ఉత్తరం పంపించి, దానిని వెంట తెమ్మని కోరాడు. సోదరుడు ఆ ఉత్తరంతో రావడంతో భ్రమ తొలగిపోయింది. ఆ వెంటనే అత్యుత్సాహ స్థితి ఏర్పడగా, ఆసుపత్రులలో కట్టివేతను, దెబ్బలను, చలిగదులలో ఏకాంత నిర్బంధాన్ని చవిచూశాడు. 1903లో విడుదలయ్యాడు.

రచన, ఉద్యమం

బీర్స్ ఆత్మకథ 1908లో వెలువడింది. తత్త్వవేత్త విలియం జేమ్స్, మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ దీనికి మద్దతునిచ్చారు. అదే సంవత్సరం మే నెలలో న్యూహేవెన్‌లో కనెక్టికట్ మానసిక ఆరోగ్య సంఘాన్ని, 1909 ఫిబ్రవరిలో న్యూయార్కులో జాతీయ సంఘాన్ని స్థాపించాడు. ఆసుపత్రుల పరిస్థితి మెరుగుపరచడం, విడుదలైన రోగులకు తోడ్పడడం, వ్యాధిని ముందుగానే గుర్తించడం వీటి ఆశయాలు. పని ఎంత వేగంగా, ఏ పద్ధతిలో సాగాలన్న విషయమై విభేదాలు రాగా మేయర్ కొంతకాలానికే వైదొలగాడు. నిధులు లేక తొలి సంవత్సరాలలో బీర్స్ అప్పులతో కాలం గడిపాడు. చివరకు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన 50,000 డాలర్ల విరాళం సంస్థను నిలబెట్టింది. 1912లో బీర్స్ క్లారా జెప్సన్‌ను వివాహమాడాడు.

యువతకు చికిత్సాలయాలు

1913లో న్యూహేవెన్‌లో బీర్స్ ప్రారంభించిన చికిత్సాలయం, అమెరికాలో రోగులను చేర్చుకొనకుండా మానసిక చికిత్స అందించిన తొలి కేంద్రాలలో ఒకటి. 1922 నుండి కామన్వెల్త్ ఫండ్ ధనసహాయంతో జాతీయ సంఘం పలు నగరాలలో బాలల మార్గదర్శక చికిత్సాలయాలను నెలకొల్పింది. వీటిలో మనోవైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, సామాజిక కార్యకర్త కలిసి పనిచేసేవారు. తల్లిదండ్రులు, పాఠశాలలు, బాలల న్యాయస్థానాలు పంపిన పిల్లలు ఇంటివద్దనే ఉండి చికిత్స పొందేవారు. చికిత్సతోపాటు ఇంటి పరిస్థితులను, చదువును కూడా పరిశీలించి, కుటుంబానికి సలహాలిచ్చేవారు. అయితే ఆ కాలంలో ఉద్యమంలోని కొందరు ప్రముఖులు సంతానోత్పత్తిని నియంత్రించే యూజెనిక్స్ వాదాన్ని సమర్థించడం తరువాతి కాలంలో విమర్శకు గురైంది.

చివరి రోజులు, వారసత్వం

1930లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మానసిక ఆరోగ్య మహాసభకు బీర్స్ కృషి ముఖ్యకారణం. 1939లో వ్యాధి తిరగబెట్టగా రోడ్ ఐలాండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లోని బట్లర్ ఆసుపత్రిలో చేరి, 1943లో అక్కడే మరణించాడు. ఇతడి జాతీయ సంఘం 1950లో ఇతర సంస్థలతో విలీనమై, 2006 నుండి మెంటల్ హెల్త్ అమెరికా పేరుతో కొనసాగుతున్నది. ఒకప్పుడు రోగులను బంధించిన సంకెళ్ళను కరిగించి 1953లో ఈ సంస్థ పోతపోయించిన గంట దానికి చిహ్నమయింది. 1963లో అమెరికా ప్రభుత్వం సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాలకై చట్టం చేసింది. న్యూహేవెన్‌లో బీర్స్ పేరిట వెలసిన చికిత్సాలయం నేటికీ పిల్లలకు, కుటుంబాలకు సేవలందిస్తున్నది.