బడ్డీ హాలీ

బడ్డీ హాలీ (1936 సెప్టెంబరు 7 - 1959 ఫిబ్రవరి 3) అమెరికాకు చెందిన రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారు వాద్యకారుడు, గీత రచయిత, స్వరకర్త. ఇతని అసలు పేరు చార్లెస్ హార్డిన్ హాలీ. తన పాటను తానే వ్రాసి, స్వరపరచి, తన బృందంతో కలిసి తానే వాయిస్తూ పాడడం ఇతని ప్రత్యేకత. మన సంప్రదాయంలోని వాగ్గేయకారుడనే మాటకు కొంత దగ్గరగా వచ్చే ఈ పద్ధతి ఆనాటి అమెరికా జనరంజక సంగీతంలో అరుదు. మొదటి విజయానికీ మరణానికీ నడుమ ఇతనికి దక్కిన కాలం సుమారు ఏడాదిన్నర మాత్రమే. 22 ఏళ్ళకే విమాన ప్రమాదంలో మరణించినప్పటికీ, తరువాతి తరాల రాక్ సంగీతకారులలో ఇతని ప్రభావం సోకనివారు తక్కువ.

జననం, బాల్యం

టెక్సాస్ రాష్ట్రపు పశ్చిమ భాగాన, పత్తి పంటకు పేరుగన్న లబ్బాక్ పట్టణంలో లారెన్స్, ఎల్లా దంపతుల నలుగురు సంతానంలో చివరివాడుగా జన్మించాడు. ఇంట్లో అందరూ ముద్దుగా బడ్డీ అని పిలవడంతో ఆ పేరే స్థిరపడింది. తండ్రి తప్ప కుటుంబ సభ్యులందరికీ పాడడమో, ఏదో ఒక వాద్యం వాయించడమో వచ్చు. అన్నలతో కలిసి ఒక పోటీలో పాల్గొన్నప్పుడు చిన్నవాడైన బడ్డీకి వయొలిన్ రాదు కనుక, ధ్వని రాకుండా కమానుకు జిడ్డు పూసి నిలబెట్టారట! ఆ పోటీలో అన్నదమ్ములే గెలిచారు. తరువాత అన్న ట్రావిస్ వద్ద గిటారులో తొలి పాఠాలు నేర్చుకున్నాడు.

లబ్బాక్‌లో ఆ రోజుల్లో నల్లవారికీ తెల్లవారికీ వేర్వేరు బడులు, వేర్వేరు పేటలు ఉండేవి. అయితే రేడియోకు ఆ హద్దులు లేవు. రాత్రివేళ దూరప్రాంతాల కేంద్రాలు ప్రసారం చేసే నల్లజాతి గాయకుల బ్లూస్ సంగీతాన్ని ఇతడు మిత్రులతో కలిసి కారు రేడియోలో వినేవాడు. పగలు పాడేది తెల్లవారి గ్రామీణ సంగీతమైన కంట్రీ, రాత్రి వినేది బ్లూస్. 1955లో లబ్బాక్‌కు వచ్చిన ఎల్విస్ ప్రెస్లీని చూసిన తరువాత ఈ రెండు ధారలనూ కలపవచ్చునని ఇతనికి నమ్మకం కుదిరింది.

నాష్‌విల్ వైఫల్యం, క్లోవిస్ విజయం

1956లో డెక్కా సంస్థ ఇతనితో ఒప్పందం చేసుకుంది. ఒప్పంద పత్రంలో ఇతని ఇంటిపేరు ఆంగ్ల వర్ణక్రమంలో ఒక అక్షరం తగ్గింది. ఆ తప్పునే ఇతడు రంగస్థల నామంగా ఉంచుకున్నాడు. నాష్‌విల్ నగరంలో చేసిన రికార్డింగులు మాత్రం ఫలించలేదు. అక్కడి నిర్మాతలు తమకు అలవాటైన కంట్రీ పద్ధతిలోనే పాడించారు. 1957 జనవరిలో డెక్కా ఒప్పందాన్ని పొడిగించలేదు.

నిరాశతో తిరిగివచ్చిన హాలీ, లబ్బాక్‌కు సుమారు వంద మైళ్ళ దూరంలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని క్లోవిస్‌లో నార్మన్ పెట్టీ నడుపుతున్న స్టూడియోను ఆశ్రయించాడు. పెట్టీ గంటల లెక్కన కాక పాటకు ఇంత అని రుసుము తీసుకునేవాడు. చిన్న విషయంగా కనిపించినా దీని ఫలితం పెద్దది. గడియారం భయం లేకపోవడంతో ఒక పాటను తృప్తి కలిగేవరకు మార్చి మార్చి వాయించే అవకాశం ఆ కుర్రవాళ్ళకు దొరికింది. 1957 ఫిబ్రవరి 25న "దట్ల్ బి ద డే" అనే పాటను ఇక్కడ మళ్ళీ రికార్డు చేశారు. డెక్కా కోసం ఒకసారి పాడిన పాటను తన పేరుతో మళ్ళీ విడుదల చేసే వీలు లేనందున, బృందానికి కీచురాళ్ళు అనే అర్థం వచ్చే క్రికెట్స్ అన్న పేరు పెట్టారు. డ్రమ్ములపై జెర్రీ ఆలిసన్, బాస్‌పై జో మాల్డిన్, రెండవ గిటారుపై నికీ సలివన్ ఇందులో సభ్యులు. బ్రన్స్‌విక్ సంస్థ విడుదల చేసిన ఈ పాట ఆ సంవత్సరమే అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ప్రథమ స్థానానికి చేరింది. బ్రన్స్‌విక్ డెక్కాకు అనుబంధ సంస్థే కావడం విశేషం.

తరువాత వచ్చిన పాటలలో ప్రయోగాలు ఎన్నో ఉన్నాయి. "ఎవ్రీడే" పాటకు ఆలిసన్ డ్రమ్ములు వదిలి తన మోకాళ్ళపై చరుస్తూ తాళం వేశాడు. "నాట్ ఫేడ్ అవే"కు అట్టపెట్టె తాళవాద్యమయింది. "వర్డ్స్ ఆఫ్ లవ్"లో హాలీ తన గొంతుపై తన గొంతునే మరల రికార్డు చేసి జంట స్వరం పలికించాడు. ఎక్కిలి పడినట్లు మాటను మధ్యలో విరిచి, ఒకే అచ్చును అనేక తునకలుగా సాగదీయడం ఇతని గాన శైలి. నల్లని దళసరి ఫ్రేము కళ్ళజోడు, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు ఇతని గుర్తులయ్యాయి. చూపు బాగా తక్కువైన యువకుడు కళ్ళజోడు దాచుకోకుండా వేదిక ఎక్కడం అప్పటికి కొత్త.

వివాహం, చివరి పర్యటన

1958 ఆగస్టు 15న మరియా ఎలీనా శాంటియాగోను వివాహమాడి న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. అదే అక్టోబరులో వయొలిన్ల సమూహంతో నాలుగు పాటలు పాడాడు. ఆ సంవత్సరాంతానికి పెట్టీతోనూ, క్రికెట్స్‌తోనూ తెగతెంపులయ్యాయి. అంతవరకు పెట్టీ చేతిలో ఉన్న రాబడి లెక్కలు తేలక హాలీకి డబ్బుకు ఇబ్బంది ఏర్పడింది. 1959 జనవరిలో, మధ్య పశ్చిమ రాష్ట్రాల గడ్డకట్టే చలిలో జరిగే పర్యటనకు ఇతడు ఒప్పుకోవడానికి ఇదే ముఖ్య కారణం.

ఆ పర్యటనలో బస్సులు తరచు చెడిపోయేవి. డ్రమ్ములు వాయించే కార్ల్ బంచ్ పాదాలు మంచుకు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. ఫిబ్రవరి 2న అయోవా రాష్ట్రం క్లియర్ లేక్‌లోని సర్ఫ్ బాల్‌రూమ్‌లో కచేరీ ముగిశాక హాలీ చిన్న విమానాన్ని అద్దెకు తీసుకున్నాడు. వేలన్ జెన్నింగ్స్ తన చోటును జ్వరంతో ఉన్న జె.పి. రిచర్డ్‌సన్‌కు ఇచ్చాడు. టామీ ఆల్సప్ నాణెం బొమ్మాబొరుసులో ఓడి రిచీ వాలెన్స్‌కు ఇచ్చాడు. అర్ధరాత్రి దాటాక మేసన్ సిటీ నుండి బయలుదేరిన విమానం కొద్ది నిమిషాలలోనే పొలంలో కూలి, పైలట్‌తో సహా నలుగురూ మరణించారు. వాలెన్స్ వయసు అప్పటికి 17. కేవలం పరికరాల ఆధారంగా నడపడానికి పైలట్‌కు అర్హత లేకపోవడం, వాతావరణ హెచ్చరికలు అతనికి సరిగా అందకపోవడం కారణాలని విచారణలో తేల్చారు. గర్భవతిగా ఉన్న మరియా ఎలీనా ఆ దుఃఖంలో బిడ్డను కోల్పోయింది.

తరువాతి తరాలు

హాలీ కీర్తికి అకాలమరణమే కారణమని భావించేవారు ఉన్నారు. కాలక్రమం ఈ అభిప్రాయాన్ని బలపరచదు. 1958 మార్చిలో ఇతడు బ్రిటన్‌లో పర్యటించాడు. లివర్‌పూల్ కుర్రవాళ్ళు జాన్ లెనన్, పాల్ మాక్‌కార్ట్నీ టెలివిజన్‌లో ఇతని వేళ్ళు గిటారుపై ఎక్కడ పడుతున్నాయో గమనించారు. హాలీ బ్రతికి ఉండగానే, అదే సంవత్సరం, వారి క్వారీమెన్ బృందం జార్జ్ హారిసన్‌తో కలిసి సొంత ఖర్చుతో చేసుకున్న తొలి రికార్డుపై "దట్ల్ బి ద డే" పాడింది. దానికి ఉన్నది ఒకే ఒక ప్రతి. తరువాత ఆ బృందమే క్రికెట్స్ పేరులోని కీటకాన్ని అనుసరించి బీటిల్స్ అయింది. రెండు గిటార్లు, ఒక బాస్, ఒక డ్రమ్ము, పాటలు సొంతం అనే అమరికను రాక్ బృందాలకు నమూనాగా చూపినవాడు హాలీ. వాద్య సమూహాలు, పెద్ద స్టూడియోలు అందుబాటులో లేని నలుగురు పిల్లలు మూడు నాలుగు స్వరమేళనాలతో వాయించుకోగల పాటలవి. అందుకే అవి త్వరగా చేతులు మారాయి.

"నాట్ ఫేడ్ అవే" చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. దాని తాళాన్ని హాలీ నల్లజాతి కళాకారుడు బో డిడ్లీ నుండి గ్రహించాడు. 1964లో రోలింగ్ స్టోన్స్ దానిని పాడి బ్రిటన్‌లో మూడవ స్థానానికి తీసుకువెళ్ళారు. ఆ తరువాత గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం వందలాది కచేరీలలో దానిని వాయించింది. 1970వ దశకంలో లిండా రాన్‌స్టాట్ హాలీ పాటలతో మళ్ళీ విజయాలు సాధించింది. 1971లో డాన్ మక్లీన్ "అమెరికన్ పై" అనే దీర్ఘగీతంలో ఆ విమాన ప్రమాదాన్ని తన తరపు స్మృతిగా మలిచాడు. 1994లో వీజర్ బృందం హాలీ పేరునే పాటకు పెట్టుకుంది. మరణానికి మూడు రోజుల ముందు డులూత్‌లో జరిగిన కచేరీ చూసిన 17 ఏళ్ళ బాలుడు బాబ్ డిలాన్, 2017లో తన నోబెల్ ఉపన్యాసాన్ని హాలీ ప్రస్తావనతోనే ప్రారంభించాడు.

1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి విడత ఎంపికలలో హాలీకి స్థానం లభించింది. తోటి క్రికెట్స్‌కు ఆ గౌరవం 2012లో గాని దక్కలేదు. ఇది ఆలస్యంగా జరిగిన న్యాయమే. ప్రమాదస్థలంలో మంచు కరిగాక దొరికిన ఇతని కళ్ళజోడు ఏళ్ళ తరబడి ప్రభుత్వ కార్యాలయంలో మరుగున పడి ఉండి, 1980లో బయటపడింది. అది లబ్బాక్‌లోని బడ్డీ హాలీ సెంటర్‌కు చేరింది. అదే పట్టణపు శ్మశానంలో ఇతని సమాధిపై గిటారు బొమ్మతో పాటు, ఒప్పంద పత్రంలో జారిపోయిన ఆ అక్షరంతో కూడిన ఇంటిపేరు చెక్కి ఉంది.