శ్యామదేశపు శిల్పాచార్యుడు

మూర్తిని మలచువాడు ముందుగా తన మనస్సును మలచుకొనవలెను. ఉలి పట్టిన ప్రతివాడును శిల్పి కావచ్చును. కాని జనులు చేతులు జోడించి నిలువదగిన విగ్రహమును చేయుటకు చేతి నేర్పు ఒక్కటియే చాలదు. ఆ జనుల నమస్కారములోని భావమేమో, వారి పూజ ఎట్టిదో, వారి ఇండ్లలోని మర్యాద ఎట్టిదో శిల్పి హృదయమునకు అందవలెను. ఇటలీ దేశమున జన్మించి, థాయిలాండున 39 సంవత్సరములు జీవించి, అచటివారిచే ఆచార్యుడని కొలువబడిన కొరాడో ఫెరోచి చరిత్రము ఈ సత్యమునకు చక్కని నిదర్శనము.

ఆయన 1892 సెప్టెంబరు 15వ తేదీన ఫ్లారెన్సు నగరమున జన్మించెను. పాలరాతి ప్రతిమలకును, దేవాలయ చిత్రములకును పేరుపొందిన నగరమది. అచటి కళాపీఠమున శిల్పవిద్య నభ్యసించి, యౌవనముననే అధ్యాపకుడయ్యెను. ఆ కాలమున శ్యామదేశమును ఆరవ రామరాజు వజిరావుధుడు పాలించుచుండెను. పాశ్చాత్య శిల్పవిద్యలో ఆరితేరిన వానిని తమ దేశమునకు రప్పింపవలెనని ఆ ప్రభుత్వము సంకల్పించెను. ఆ పిలుపు నందుకొని 1923 జనవరిలో భార్యతోను, పసిబిడ్డయైన కుమార్తెతోను ఫెరోచి బాంకాకు చేరెను. అప్పటికాయన వయస్సు 30 సంవత్సరములు.

ఆయన కాలుమోపిన దేశము బౌద్ధదేశము. అయినను వైష్ణవ భక్తులకు అచటి చిహ్నములు పరాయివి కావు. ఆ రాజ్యముద్ర గరుత్మంతుడు. రాజులకు రామనామము బిరుదు. పూర్వరాజధాని పేరు అయుత్థయా, అనగా మన అయోధ్యయే. మరకతబుద్ధుని ఆలయపు ముఖశిఖరముపై గరుడారూఢుడైన నారాయణుడు దర్శనమిచ్చును. ఆ ఆలయపు ప్రాకార మంటపములలో 178 ఫలకములుగా రామకథ చిత్రింపబడియున్నది. ఇంద్రుని ఆనతిపై విశ్వకర్మ నిర్మించిన నగరమని బాంకాకు పూర్తి నామము చెప్పుచున్నది. అచటి రాజాస్థాన బ్రాహ్మణుల ఉత్సవమొకటి మన తిరుప్పావై పేరును నేటికిని నిలుపుకొనియున్నది.

ఇట్టి దేశమున విదేశీయునికి తొలుత ఎదురైనది శంక. ఐరోపా ముఖములు చెక్కిన చేయి తమ వారి ముఖములను చూపగలదా యని పెద్దలు సందేహించిరి. నరిసర యువరాజు ఆ దేశమున శిల్ప చిత్ర కళలకు పెద్ద దిక్కు. ఆయనయే ఫెరోచి యెదుట కూర్చుండి తన శిరస్సును మలచనిచ్చెను. రూపము చూచి యువరాజు తృప్తి చెందెను. పిదప రాజుగారి ముఖమును మలచు అవకాశమును లభించెను. బాంకాకు నగరమునకు 150 ఏండ్లు నిండిన 1932లో మొదటి రామరాజు కాంస్యమూర్తి నదీసేతువు చెంత వెలసెను. అదియు ఫెరోచి చేతిపనియే.

అయితే రాజులకు నచ్చుట వేరు, జనహృదయమును తెలియుట వేరు. ఆ రెండవ విద్య ఆయనకు నిత్యజీవనమే నేర్పెను. తెల్లవారుజామున కాషాయధారులైన భిక్షువులు పాత్రలు ధరించి మౌనముగా వీథివెంట వత్తురు. గృహస్థులు పాదరక్షలు విడిచి అన్నము సమర్పింతురు. ఇచ్చువాడే అచట కృతజ్ఞుడు, ఏలయన పుణ్యమార్జించుకొను భాగ్యము వానిదే. పెద్దలు కనబడినచో అరచేతులు మోడ్చి తల వంచుట అచటి మర్యాద. శిరస్సు పవిత్రము, దానిని ఇతరులు తాకరాదు. పాదములను విగ్రహమువైపు చాపరాదు. పలువురు యువకులు వర్షాకాలపు మూడు మాసములు భిక్షుదీక్ష వహించి, ఆ పుణ్యమును తల్లిదండ్రులకు ధారపోయుదురు. బుద్ధప్రతిమను కొంటిమని ఎవ్వరును అనరు. దైవవస్తువునకు క్రయవిక్రయములు లేవు గనుక అద్దెకు తెచ్చుకొంటిమని వినయముగా చెప్పుదురు.

ఫ్లారెన్సులో నరములు, కండరములు యథాతథముగా చూపుటయే శిల్పికి గొప్పతనము. శ్యామదేశపు బుద్ధమూర్తిలో నరము కనబడదు, కండ పొంగదు. పొడవైన చెవులు, శిరస్సుపై జ్వాల, సమతలమైన పాదములు మొదలగు మహాపురుష లక్షణములే అచట ప్రమాణములు. మన ఆగమములు ప్రతిమాలక్షణమును విధించినట్లే అచటను సంప్రదాయము విధించినది. దీనిని నేర్పులేమి యని త్రోసిపుచ్చినచో ఫెరోచి పరదేశిగనే మిగిలిపోవును. ఆయన అట్లు చేయలేదు. పాత ఆలయములు తిరిగి, మాసిపోవుచున్న గోడచిత్రములను పరిశీలించి, వానిని గూర్చి వ్యాసములు రచించెను. సుఖోదయ కాలపు నడచు బుద్ధుని ప్రతిమలు ఆయన మనస్సును హరించెను. నేలను తాకియు తాకనట్లు సాగు ఆ నడకలో కరుణయే రూపు దాల్చినదని ఆయన గ్రహించెను.

ఆయన స్థాపించిన కళాపాఠశాలయే 1943లో శిల్పాకర విశ్వవిద్యాలయమయ్యెను. దాని చిహ్నము గణపతి. తొలుత తన్ను పరీక్షించిన నరిసర యువరాజు ఒకప్పుడు నివసించిన ప్రాసాదమునందే పిమ్మట ఆ విద్యాలయము విస్తరించెను. విద్యార్థులకు ఆయన పాశ్చాత్య విద్యను బోధించెను గాని తమ పూర్వుల కళను మరువనీయలేదు. ఆ దేశమున గురువారమున గురువందనము జరుపుదురు. గరిక, నూరువరహాల పూలు, వంగపూలు శిష్యులు సమర్పింతురు. గరికవలె విద్య వ్యాపించవలెనని, సూదివంటి ఆ మొగ్గవలె బుద్ధి పదునెక్కవలెనని, వంగపూవువలె తల వంగియుండవలెనని వాని భావము. అట్టి వందనము లభించు స్థానమున ఇటలీ కుమారుడు నిలిచెను.

ఇంతలో యుద్ధము వచ్చెను. 1943లో ఇటలీ లొంగిపోగా బాంకాకులోని ఇటలీవారికి జపానుసేనల వలన ఆపద కలిగెను. థాయి ప్రభుత్వము ఆయనకు పౌరసత్వమొసగి కాపాడెను. 1944 నుండి ఆయన పేరు శిల్ప బీరశ్రీ. ఆ దేశము ఆయనకు శిల్పమునే నామధేయముగా ప్రసాదించినది. యుద్ధానంతరము ధరలు పెరిగి, జీతము చాలక, ఆయన ఇటలీకి వెళ్ళెను. కుటుంబము స్వదేశముననే నిలిచిపోయినను, ఆయన మాత్రము శిష్యుల చెంతకు మరలివచ్చెను. ఆ నిర్ణయమునకు ఆయన చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. కన్నబిడ్డలకు దూరమై, ఇతరుల బిడ్డలకు తండ్రి యయ్యెను. ఆయన ప్రోత్సాహముననే 1949లో ఆ దేశపు జాతీయ కళాప్రదర్శన ఆరంభమయ్యెను.

బుద్ధశకము 2500 నిండు సందర్భమున, 1957 నాటి ఉత్సవమునకై, నగరప్రథమ మండలమున బుద్ధమండల మను మహావనమును నిర్మింప సంకల్పించి 1955లో శంకుస్థాపన చేసిరి. నడుమ వెలయవలసిన మూర్తికి రూపకల్పన చేయు భాగ్యము శిల్ప బీరశ్రీకి దక్కెను. ఆయన ఎన్నుకొన్నది నడచు బుద్ధుని భంగిమయే. సుఖోదయ శిల్పుల అడుగుజాడలలోనే తన చేతిని నడిపించెను.

కాని పని మధ్యలో నిలిచిపోయెను. 1962 మే 14వ తేదీన, 69వ యేట, శిల్ప బీరశ్రీ బాంకాకులో దేహము చాలించెను. ఆయన చితాభస్మములో కొంత ఫ్లారెన్సు చేరెను, కొంత శిష్యుల నడుమ బాంకాకులో నిలిచెను. ఆయన గతించిన 20 ఏండ్లకు, బాంకాకు ద్విశతాబ్ది జరిగిన 1982లో, ఆ కాంస్యమూర్తి పూర్తియయ్యెను. 2500 సంవత్సరములకు గుర్తుగా 2500 చిన్న కొలతలు గలుగునట్లు దాని యెత్తు 15.87 మీటరులు. శిల్పి చూడని ఆ మూర్తికి నేడు యాత్రికులు తామరమొగ్గలు సమర్పించి మ్రొక్కుచున్నారు. ఏటేట సెప్టెంబరు 15వ తేదీన శిష్యపరంపర ఆయన విగ్రహము చెంత పుష్పాంజలి ఘటించుచున్నది.

ఫలమును చూడకయే కర్మము చేసినవాని జీవితమిది. విగ్రహమున శిల్పి పేరు వెదకు భక్తుడుండడు, వెదకవలసిన పనియు లేదు. తన దేశము కాని చోట, తాను పుట్టిన మతము కాని భక్తిముందు తల వంచి, ఆ భక్తికి తగిన రూపమును సమర్పించి తాను మరుగున నిలుచుటయే ఆయన ధన్యత. మన ఆలయములలోని మూలమూర్తులను మలచిన అజ్ఞాత శిల్పులకును మనము అట్టి నమస్కారమే ఋణపడియున్నాము.