బకింగ్‌హాం ప్రభువు – కోస్తా కాలువ

నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో సముద్రతీరము వెంబడి సాగిపోవు బకింగ్‌హాం కాలువను మనలో పెక్కుమంది ఎరుగుదుము. కాని ఆ పేరు ధరించిన వ్యక్తి జీవితమును ఎరిగినవారు అరుదు.

బకింగ్‌హాం మూడవ డ్యూక్ అయిన రిచర్డ్ గ్రెన్‌విల్ 1823లో ఇంగ్లండులో జన్మించినాడు. పుట్టినది ఐశ్వర్యములో, అనుభవించినది తండ్రి చేసిన అప్పులను. 10 లక్షల పౌనులకు మించిన ఋణభారముతో 1848లో వారి స్టౌ భవనములోని సామగ్రి అంతయు 40 దినములపాటు వేలమునకు పోయినది. ఆ అవమానమునకు క్రుంగిపోక యువకుడైన రిచర్డ్ ఉద్యోగము చేపట్టినాడు. 1853 నుండి 1861 వరకు ఒక పెద్ద రైలు కంపెనీకి అధ్యక్షుడుగా పనిచేసినాడు. 1867లో వలస రాజ్యముల మంత్రి అయినాడు. రైలు మార్గములలో ఆరితేరిన వాని పేరు తుదకు ఒక కాలువకు నిలుచుట విచిత్రమే.

ఆ కాలువకు ఆద్యుడు ఆయన కాడు. కోరమండల్ తీరమున మంచి రేవులు తక్కువ; కెరటముల ఉద్ధృతి ఎక్కువ. చిన్న పడవలకు సముద్రయానము ప్రాణసంకటము. అందుచేత తీరమునకు సమాంతరముగా, ఉప్పుటేరులను, కయ్యలను కలుపుచు కాలువ త్రవ్వవలెనను ఆలోచన కలిగినది. 1806లో బాసిల్ కాక్రేన్ అను వర్తకుడు మద్రాసు నుండి ఎన్నూరు వరకు త్రవ్వించినాడు. తరువాత అది పులికాటు సరస్సు వరకు పెరిగినది. 1837లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొన్నది.

రిచర్డ్ 1875లో మద్రాసు గవర్నరుగా వచ్చినాడు. మరుసటి ఏడే వానలు తప్పినవి. 1876–78 నాటి ఘోర క్షామము లక్షలాది ప్రాణములను బలిగొన్నది. మద్రాసు ప్రభుత్వము ధాన్యము కొనగా, వ్యాపారములో జోక్యము తగదని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము ఆక్షేపించినది. వారు పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనివారి కూలిని రోజుకు 1 పౌను ధాన్యమునకు, కొద్దిపాటి చిల్లరకు కుదించినాడు. అంతటి శ్రమకు ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించినాడు. 1877 ఆగస్టులో డ్యూక్ ఆధ్వర్యమున మద్రాసు పౌరులు సభ జరిపి ఇంగ్లండు ప్రజల సహాయమును అర్థించగా, విరాళములు వచ్చినవి. అప్పటికే ఎన్నో గ్రామములు పాడుపడినవి.

ఆ కరువు పనులలో భాగముగానే 1877–78లో మద్రాసులోని కూవం, అడయారు నదులను కలుపు 8 కిలోమీటర్ల కాలువను త్రవ్వించినారు. దానితో ఉత్తర, దక్షిణ భాగములు ఏకమైనవి. 1878లో కాలువకు గవర్నరు పేరు పెట్టినారు. పెదగంజాము నుండి మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 కిలోమీటర్లు ఆంధ్రదేశములోనివే. పెదగంజాము వద్ద కొమ్మమూరు కాలువతో కలిసి, కృష్ణా గోదావరి కాలువల ద్వారా కాకినాడ వరకు జలమార్గము ఏర్పడినది. ఉప్పు, వంటచెరకు, ధాన్యము పడవలలో పయనించినవి.

డ్యూక్ 1880లో స్వదేశమునకు మరలి, 1889లో మరణించినాడు. కుమారులు లేనందున ఆ బిరుదు ఆయనతోనే అంతరించినది. కాలువ మాత్రము నిలిచినది. 1965, 1966, 1976 సంవత్సరముల తుపానులు దానిని దెబ్బతీయగా రవాణా సన్నగిల్లినది. అయినను 2004 సునామీలో ఎగసివచ్చిన నీటిని తనలో ఇముడ్చుకొని పలుచోట్ల తీరవాసులను కాపాడినది.

ఈ జీవితమును తూచునపుడు మనము రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. పై అధికారుల కాఠిన్యము నడుమ డ్యూక్ కొంత దయ చూపినాడు; అది చాలలేదన్నదియు నిజమే. కరువు కాలమున మట్టి మోసిన కూలీల పేర్లు ఏ శిలాఫలకము పైనను లేవు. గవర్నరు పేరు పలికినప్పుడెల్ల, పిడికెడు గింజలకై పలుగు పట్టిన ఆ చేతులను కూడ స్మరించుట మన విధి.